సీసం కళ్ళ ఫ్లై ఎందుకు మాట వినదు?

యానాం ఎగువన గౌతమి గట్టు మీద నిలబడి ఫ్లై రాడ్ విసురుతున్నాను. పాటు మొదలై నీరు దిగుతోంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు కట్టి చేసిన ఉత్తుత్తి ఎర. అప్పటిదాకా కోడి ఈకతో కట్టిన తేలికపాటి ఫ్లైతో విసురుతుంటే లైను చక్కగా విప్పుకుంటూ పోయి అనుకున్నచోట పడుతోంది. అది లోతుకి దిగడం లేదని విప్పేసి, సీసం గుండ్లే కళ్ళుగా ఉన్న ఫ్లై కట్టాను. చెయ్యి అదే, రాడ్ అదే, లైను అదే. మొదటి విసురుకే చెవి పక్కనుంచి బుయ్యిమని దూసుకుపోయింది. మూడోసారి రాడ్ కొన దగ్గర 'టిక్' అని చిన్న చప్పుడైంది. తడిమి చూస్తే గీత కూడా తగల్లేదు. రెండు వారాల తరవాత అరచెయ్యంత చేప పడితే, రాడ్ సరిగ్గా అక్కడే, కొన నుంచి జానెడు కిందుగా, ఎండు పుల్లలా విరిగింది.

లూర్లతో, అంటే చేపని పోలిన గట్టి ఎరలతో, పండుగప్పని పట్టడం అలవాటై, అక్కడినుంచి ఫ్లై రాడ్ వైపు వచ్చిన స్నేహితులు నాకు కొంతమంది ఉన్నారు. అందరూ తట్టుకుని ఆగిపోయేది ఇక్కడే. వీడియోలు చూస్తే టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఒకాయన లూప్, అంటే గాలిలో లైను పడే మడత, సన్నగా ఉండాలంటాడు, ఇంకొకాయన వెడల్పుగా ఉండాలంటాడు. ఒకరు వెనక్కి విసిరాక ఆగమంటారు, మరొకరు అసలు ఆగొద్దంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఏ మాట ఏ పరిస్థితికి చెప్పిందో తెలియకపోవడం వల్లే ఈ గందరగోళం.

బాస్ అంటే ఏ చేప?

ఆ వీడియోల్లో వినబడే 'బాస్' అనే పేరు చిక్కు ముందు విడదీద్దాం. అమెరికా వీడియోల్లో 'రివర్ బాస్' అంటే ఎక్కువగా స్మాల్‌మౌత్ బాస్. ఉత్తర అమెరికా మంచినీటి నదుల్లో, రాళ్ళ సందుల్లో బతికే చేప అది. గోదావరిలో ఉండదు. మనం సీ బాస్ అని ఎగుమతి చేసేది, హోటల్ మెనూల్లో రాసేది పండుగప్ప. ఆస్ట్రేలియాలో దాన్నే బారమండి అంటారు. ఈ రెండు బాస్‌లూ ఒక కుటుంబానికి చెందినవి కావు. పండుగప్ప నదిలోనూ, ఉప్పు కలిసే మొగల్లోనూ పెరుగుతుంది. గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పు నీటి వైపు వెళ్తుంది. మొదట మగచేపగా పెరిగి కొన్నేళ్ళకి ఆడచేపగా మారుతుంది. అందుకే బాగా పెద్ద పండుగప్పలు చాలావరకు ఆడవే.

చుట్టరికం లేకపోయినా వేట పద్ధతిలో మాత్రం రెండూ ఒకటే. నీడలో, అడ్డు చాటున, ప్రవాహం పక్కన పొంచి ఉండి, ఎదటికొచ్చిన చిన్న చేపనో రొయ్యనో గుటుక్కున మింగుతాయి. అందుకే ఒకదాని కోసం పుట్టిన ఫ్లై రెండోదానికీ పనికొస్తుంది. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ కోసం డంబెల్ ఆకారపు సీసం కళ్ళతో ఒక ఫ్లై కట్టాడు. దానికి క్లౌజర్ డీప్ మిన్నో అని పేరు పెట్టింది పేరుమోసిన ఫ్లై జాలరి లెఫ్టీ క్రే. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే బరువు ఫ్లైలలో అదొకటి. నా రాడ్ విరగ్గొట్టింది కూడా అదే.

ఇక్కడ ఎగిరేది ఎర కాదు, లైను

మామూలు గాలంలో, స్పిన్నింగ్ రాడ్‌లో బరువు చివర ఉంటుంది. రాయి విసిరినట్టు ఎరని విసురుతాం. సన్నటి దారం దాని వెంట పరిగెడుతుంది.

ఫ్లై రాడ్‌లో సంగతి తిరగబడుతుంది. ఈక, వెంట్రుకలు, దారంతో కట్టిన ఫ్లైకి బరువే ఉండదు. అందుకని లైనుకే బరువు పెట్టారు. ఫ్లై లైను పురికొసంత లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. దాన్ని వెనక్కి విసిరి, గాలిలో సాగనిచ్చి, మళ్ళీ ముందుకి విసురుతాం. వెళ్ళేటప్పుడు లైను పడుకోబెట్టిన ఇంగ్లీషు 'యు' అక్షరంలా మడతపడి, ఆ మడత విప్పుకుంటూ పోతుంది. ఆ మడతే లూప్. లైను చివర, ఫ్లైకీ లైనుకీ మధ్య, కనబడని సన్నటి నైలాన్ దారం లీడర్. మడత లైను దాటి లీడర్‌లోకి వచ్చి, చివరికి ఫ్లైని తిప్పి నీటి మీద పెడుతుంది. ఈ పద్ధతిలో ఫ్లై వట్టి ప్రయాణికుడు. బండి తోలేది లైను.

లైను మీద ఉండే 5, 8 లాంటి నంబర్లు దాని బరువుని చెబుతాయి. మొదటి 30 అడుగుల లైను ఎన్ని గ్రెయిన్లు తూగుతుందో దాన్నిబట్టి నంబరు ఇస్తారు. గ్రెయిన్ అంటే గింజ. ఒకప్పటి బార్లీ గింజ తూకం, మన కంసాలి గురిగింజ తూకం లాంటిదే. 5 నంబరు లైను 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. 8 నంబరు లైను 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు. పండుగప్పకి 8 లేదా అంతకన్నా పెద్ద నంబరు వాడతారు.

అసలు బరువెందుకు?

ఒక లెక్క వేద్దాం. పాటు సమయంలో నీరు సెకనుకి అర మీటరు వేగంతో పోతోంది. చేప మీటరున్నర లోతులో, వంతెన స్తంభం చాటున ఉంది. తేలిక ఫ్లై సెకనుకి 10 సెంటీమీటర్లు మునుగుతుందనుకుంటే ఆ లోతుకి దిగడానికి 15 సెకన్లు కావాలి. ఈలోగా ప్రవాహం దాన్ని ఏడున్నర మీటర్లు కిందికి లాక్కుపోతుంది. స్తంభం దాటిపోయి చాలాసేపవుతుంది. సెకనుకి 30 సెంటీమీటర్లు మునిగే ఫ్లై అయితే 5 సెకన్లలో దిగుతుంది, కొట్టుకుపోయేది రెండున్నర మీటర్లే. చేప ముందుకి ఎర వెళ్ళడానికీ వెళ్ళకపోవడానికీ తేడా ఆ ఐదు మీటర్లే.

ఇంకో లాభం కూడా ఉంది. కళ్ళని కొక్కెం కాడ మీద, ముల్లు ఉన్న వైపుకి ఎదురుగా కడతారు. బరువు కిందికి తిరగడంతో ముల్లు పైకి ఉంటుంది. మడ వేళ్ళలోనూ ఆల్చిప్పల్లోనూ ఇరుక్కోవడం తగ్గుతుంది. పైగా లాగి వదిలినప్పుడల్లా ముందు పైకి లేచి, తల కిందికి వాలుతుంది. భయపడ్డ రొయ్య కదలిక అచ్చం అలాగే ఉంటుంది.

ఒక్క గ్రాము చేసే గొడవ

ఇంత మేలు చేసే ఆ కళ్ళు ఎంత తూగుతాయి? మధ్య సైజువి ఔన్సులో 24వ వంతు, అంటే 1.2 గ్రాములకి కొంచెం తక్కువ. గురిగింజలైతే పది. ఇంత చిన్న బరువు ఒక విసురుని ఎలా చెడగొడుతుంది?

8 నంబరు లైను 30 అడుగులకి, అంటే సుమారు 9 మీటర్లకి, 13.6 గ్రాములు. సగటున మీటరుకి ఒకటిన్నర గ్రాములు. అంటే దాదాపు 80 సెంటీమీటర్ల లైనుని ఉండగా చుట్టి, శనగ గింజంత చేసి, వెంట్రుకలాంటి లీడర్ చివర వేలాడదీసినట్టు. 5 నంబరు లైనుకైతే అదే కళ్ళు మీటరూ ఇరవై సెంటీమీటర్ల లైనుతో సమానం. లీడర్ కొసకి వచ్చేసరికి సన్నబడి దాదాపు బరువే లేకుండా పోతుంది. అది ఆ ఉండని మోయలేదు, మళ్ళించలేదు. చివరి కొద్ది అడుగుల్లో బండి తోలేది లైను కాదు, ఫ్లై.

ఇప్పుడు వెనక్కి విసిరిన లైనుని చూద్దాం. తేలిక ఫ్లై అయితే మడత పూర్తిగా విప్పుకోగానే గాలి ఆపేస్తుంది. బరువు ఫ్లైని గాలి ఆపలేదు. మడత విప్పుకున్నాక కూడా అది వచ్చిన జోరుతో చుట్టూ తిరిగి, లైనుని కొసదాకా గుంజి, తన్ని, మళ్ళీ మన వైపు కాస్త వెనక్కి వస్తుంది. ఆ గుంజుడు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. వెనక్కి వచ్చిన మేర లైను వదులవుతుంది. వదులైన లైను ఫ్లైని పట్టుకోలేదు కాబట్టి అది కిందికి పడుతుంది. ఎంత పడుతుంది? గాలిని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, 0.3 సెకన్లలో 44 సెంటీమీటర్లు. అర సెకనులో మీటరూ ఇరవై. ఈలోగా మనం ముందుకి విసరడం మొదలుపెడతాం. మొదట వదులు తీరాలి కాబట్టి రాడ్ ఖాళీగా కదులుతుంది. తీరగానే ఫ్లైకి ఒక్కసారిగా దెబ్బలాంటి లాగుడు తగిలి, లైను కింద నుంచి, రాడ్ ఉన్న దారిలోనే, తుపాకీ గుండులా వస్తుంది. చెవి పక్కనుంచి వచ్చిన బుయ్యి, కొన దగ్గర వినబడ్డ టిక్, రెండూ అలా పుట్టినవే.

రాడ్ వెంటనే ఎందుకు విరగలేదు? కార్బన్ ఫైబర్ రాడ్ బోలుగా, కొన దగ్గర చాలా పల్చగా ఉంటుంది. పోగులు పొడుగునా ఉంటాయి కాబట్టి విల్లులా వంచితే ఎంతో తట్టుకుంటుంది. ఒకే చుక్క మీద గట్టి దెబ్బ పడితే మాత్రం లోపల చిట్లుతుంది. పైకి ఏమీ కనబడదు. తరవాత ఎప్పుడో బాగా వంగిన రోజున ఆ చిట్లు తెరుచుకుంటుంది. కంటి అద్దాలు లేకుండా బరువు ఫ్లై విసరనివ్వని జాలర్లు ఉన్నారంటే వాళ్ళది చాదస్తం కాదు. కార్బన్‌నే చిట్లించేది కంటికి తగిలితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

మలుపు ఎంత పెద్దదైతే కుదుపు అంత తక్కువ

లూప్ వెడల్పుగా ఉండాలనే మాట ఇక్కడినుంచి వచ్చింది. కాలవ గట్టు రోడ్డు మీద మలుపు తిరిగే బస్సు ఎక్కినవాళ్ళకి ఇది తెలిసిన సంగతే. అదే వేగంతో వెడల్పాటి మలుపు తిరిగితే ఒరుగుతాం, ఇరుకు మలుపు తిరిగితే పక్కవాళ్ళ మీద పడతాం.

లెక్కలో చూస్తే, తిరిగే వస్తువు మీద పడే లాగుడు దాని బరువుని బట్టి, వేగం మీద వేగం హెచ్చవేతని బట్టి పెరుగుతుంది. మలుపు వ్యాసార్థం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మన 1.2 గ్రాముల కళ్ళు సెకనుకి 20 మీటర్ల వేగంతో 30 సెంటీమీటర్ల వ్యాసార్థంలో తిరుగుతున్నాయనుకుందాం. లాగుడు 1.6 న్యూటన్లు, అంటే 160 గ్రాముల బాటు వేలాడదీసినంత. అదే వేగంతో మలుపు 90 సెంటీమీటర్లయితే లాగుడు మూడో వంతు, 54 గ్రాములు. వేగం సగానికి తగ్గిస్తే నాలుగో వంతే మిగులుతుంది. నిజమైన లూప్ ఇంత శుభ్రమైన వృత్తంలా ఉండదు. అయినా మెల్లగా, పెద్దగా విసరమనే సలహా వెనక ఉన్న లెక్క ఇదే.

లీడర్ పొట్టిగా, లావుగా వాడేదీ ఇందుకే. లీడర్ పొడుగ్గా సన్నగా ఉంటే లైనుకీ ఫ్లైకీ మధ్య మడతబందులా విరిగి, ఫ్లై తన దారిన తను ఊగుతుంది. పండుగప్ప విషయంలో ఇది కలిసొస్తుంది. దాని మొప్ప డిప్ప అంచు కత్తిలా ఉంటుంది, నోరు ఆకురాయిలా ఉంటుంది. ఆ కోతకి ఆగాలని చివర ఎలాగూ మందపాటి నైలాన్ ముక్క కడతారు. ఆ మందమే ఫ్లైని తిప్పడానికీ సాయపడుతుంది.

వడిసెల దారి

మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాళ్ళు రాయిని ముందుకీ వెనక్కీ ఊపరు. గుండ్రంగా తిప్పుతారు. తాడు ఒక్క క్షణం కూడా వదులవదు, అందుకే రాయి ఎక్కడుందో చేతికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. మధ్యలో చెయ్యి ఆపితే రాయి నెత్తి మీదే పడుతుంది.

బెల్జియన్ కాస్ట్ అని, ఓవల్ కాస్ట్ అని పిలిచేది ఈ సూత్రమే. రాడ్‌ని పక్కకి వాల్చి, నీటికి దగ్గరగా వెనక్కి తీసుకెళ్తారు. అక్కడ ఆపరు. అలాగే గుండ్రంగా పైకి తెచ్చి, తల మీదుగా ముందుకి విసురుతారు. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, లైను ఎప్పుడూ బిగువుగానే ఉండటం వల్ల ఆ తన్నుడు, ఆ వదులు పుట్టవు. రెండు, వెళ్ళే దారి పక్కన, వచ్చే దారి పైన కాబట్టి ఫ్లై రాడ్‌కి తగిలే అవకాశం బాగా తగ్గుతుంది.

నాకిది పుస్తకంలోనో వీడియోలోనో కన్నా రేవులోనే బాగా అర్థమైంది. నేను కిందా మీదా పడుతుంటే, విసురు వల వేస్తున్న ఒక పెద్దాయన వల భుజాన వేసుకుని కాసేపు చూశాడు. "గుంజకండి బాబూ. తిప్పండి. గుండ్లు వాటికవే ఎల్తాయండి" అన్నాడు. అని తన వల విసిరి చూపించాడు. నడుము తిరిగింది, వెంట భుజం తిరిగింది, ఆఖర్న చేతులు విచ్చుకున్నాయి. అంచునున్న సీసపు గుండ్లు ఒక్కొక్కటే బయటికి జరిగి, వల విస్తరాకులా పరుచుకుని, చుట్టూరా ఒకేసారి నీళ్ళని తాకింది. ఎక్కడా కుదుపు లేదు. చివర బరువున్న దేన్ని విసిరినా లెక్క ఒకటేనని ఆ గుండ్లు చూస్తేనే నాకు తెలిసింది.

ఈ పద్ధతికి తమ్ముడు లాంటిది ఇంకోటుంది. ఫ్లైని ప్రవాహంలో దిగువకి సాగనిచ్చి, నీళ్ళే లైనుని బిగువుగా పట్టుకున్నప్పుడు ఒక్క విసురుతో ఎగువకి పంపడం. వెనక్కి విసరడమే ఉండదు. చిన్న పడవలో ఇద్దరు కూర్చున్నప్పుడు రెండోవాళ్ళ చెవికి ఇంతకన్నా క్షేమమైనది నాకు తెలియదు.

లూప్ మరీ పెద్దది కాకూడదనేవాళ్ళ వాదన

దీనికి ఒప్పుకోని అనుభవజ్ఞులు ఉన్నారు. వాళ్ళ మాటలోనూ బలముంది. తప్పు సన్నటి లూప్‌ది కాదు, చేతి కుదుపుదీ వేళ తప్పడానిదీ అంటారు వాళ్ళు. రాడ్‌ని మెల్లగా మొదలుపెట్టి, వేగాన్ని నునుపుగా పెంచుతూ, లైను పూర్తిగా సాగే క్షణానికి కాస్త ముందే ముందుకి కదిలితే వదులు పుట్టదు. ఎడమచేత్తో లైనుని కిందికి లాగి వదిలే 'హాల్' కూడా కలిపితే లైను వేగం పెరిగి, ఫ్లై కిందికి పడే వ్యవధే ఉండదు. లూప్ మధ్యస్థంగా ఉన్నా చాలు.

ఈ వాదన బలం తెలియాలంటే మధ్యాహ్నం దాటాక అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగలో నిలబడాలి. సముద్రపు గాలి మొహం మీద కొడుతుంటే వెడల్పాటి లూప్ తెరచాపలా గాలిని పట్టి, మన కాళ్ళ దగ్గరే కుప్పగా పడుతుంది. వడిసెల దారికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన గట్ల వెనక జమ్ము, ముళ్ళ కంప ఎక్కువ. రాడ్‌ని పక్కకి వాల్చి కిందుగా విసిరితే ఫ్లై అందులోనే తగులుకుంటుంది. మడ వేళ్ళ మధ్య చాపంత ఖాళీలో ఫ్లై పెట్టాలన్నా గుండ్రటి విసురుకి గురి తక్కువ.

రెండు పక్షాలూ ఒక విషయంలో కలుస్తాయి: లైను వదులు కాకూడదు. ఒకరు ఆగకుండా తిప్పి బిగువు నిలబెడతారు, ఇంకొకరు వేగంతో, సరైన వేళతో నిలబెడతారు. రెండోది చేతి నైపుణ్యం మీద ఎక్కువ ఆధారపడుతుంది. నా చేతికైతే, 8 నంబరు లైను మీద గ్రాము లోపు కళ్ళకి రెండో పద్ధతి సరిపోతుంది. అంతకు మించితే తిప్పడమే నయం. ఏ పద్ధతైనా గాలి ఫ్లైని మన తల వైపు తోయని పక్కన నిలబడ్డప్పుడే విసురుతాను.

బరువు ఫ్లైలో కాక లైనులో పెడితే?

మూడో దారి ఇది. మునిగే లైను వాడి, ఫ్లైని తేలిగ్గానే ఉంచుతారు. విసరడంలో ఏ పేచీ లేదు. తోలేది మళ్ళీ లైనే. మునిగే లైను సన్నగా, దట్టంగా ఉంటుంది కాబట్టి ఎదురుగాలిని కూడా బాగా కోస్తుంది.

కష్టం తరవాత వస్తుంది. మునిగిన లైనుని నేరుగా లేపి విసరలేం. దగ్గరికి లాగి, ఒకసారి దొర్లించి నీటి పైకి తెచ్చాకే విసరాలి. మడ వేళ్ళ మధ్య అయితే లైనే చిక్కుకుంటుంది. తేలిక ఫ్లైకి ఆ లేచి వాలే నడక కూడా రాదు. నది నడుమ, లోతైన పాయలో పడవ మీదుంటే ఇది మంచి దారి. గట్టు మీదనుంచి మడ వేళ్ళ పక్కకి వేయాలంటే కాదు.

స్పిన్నింగ్ రాడ్ ఉండగా ఇంత అవస్థ దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. 10 గ్రాములు దాటిన బరువుకి ఆ రాడ్డే సరైన పనిముట్టు. దూరానికైనా గాలికైనా దానిదే పైచేయి. ఫ్లై గెలిచే చోటు వేరే ఉంది. 3, 4 అంగుళాల వెంట్రుకల ఫ్లై నీటిలో ఆగి ఉన్నప్పుడు కూడా ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. అంత తేలికైనదాన్ని స్పిన్నింగ్ రాడ్ దూరం విసరలేదు. బరువు ఫ్లై ఈ రెంటికీ మధ్య నిలబడుతుంది, అందుకే ఇద్దరి ఇబ్బందులూ కాస్త కాస్త దానికి అంటుకున్నాయి.

సీసమా, ఇత్తడా, టంగ్‌స్టనా

కళ్ళు దేనితో చేశారన్నదీ విసురుని మారుస్తుంది. ఒకే సైజులో ఇత్తడి కన్నా సీసం మూడో వంతు బరువెక్కువ. టంగ్‌స్టన్ సీసానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అంటే అదే బరువు ఇంకా చిన్న గుండులో ఇమిడి, నీటిని కోసుకుంటూ త్వరగా దిగుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. బోలు పూసల గొలుసు తెంపి కట్టిన కళ్ళు వీటన్నిటికన్నా తేలిక, విసరడానికి సుఖం. లోతు తక్కువ కాలవలకి అవి చాలు.

సీసం విషం. తెగి నీటి అడుగున పడ్డ చిన్న గుండ్లని పక్షులు గులకరాళ్ళనుకుని మింగుతాయి. హంసలు అలా చనిపోతున్నాయనే బ్రిటన్ 1987లో చిన్న సీసపు గాలం బరువుల్ని నిషేధించింది. మన కోరింగ మడల మీద ఎన్ని రకాల పక్షులు వాలతాయో చూసినవాళ్ళకి ఇది దూరదేశపు కబురనిపించదు. అభయారణ్యం లోపల ఎలాగూ అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయకూడదు. బయట పాయల్లో కూడా నేను సీసం మానేశాను. ఇత్తడి కళ్ళు కాస్త మెల్లగా దిగుతాయి, విసురుకి కాస్త మెత్తగా ఉంటాయి.

బరువు అక్కర్లేని గంట

పాటు చివర్లో, మడ లోపలి చిన్న కాలవల నుంచి నీరు పాయలోకి మోకాలి లోతున జారుతున్నప్పుడు, రొయ్యలు దిగే దారి అదొక్కటే. ఆ కాలవ నోటి దగ్గర పండుగప్ప మూతి పైకి పెట్టి కాచుకుని ఉంటుంది. నీటి మీద 'టప్' అని, అరచేతులు గుల్లగా పెట్టి కొట్టినట్టు చప్పుడు వస్తుంది. అది చేప నీళ్ళతో సహా రొయ్యని లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఆ చప్పుడు విన్నాక డబ్బాలో ఏ బరువు కళ్ళూ వెతకనక్కర్లేదు. కోడి ఈకతో కట్టిన తేలిక ఫ్లై, సన్నటి లూప్, మామూలు విసురు. కాలవ నోటికి మూరెడు ఎగువన పడితే, మిగతా దూరం నీరే తీసుకెళ్తుంది.